కాంగేర్ లోయలో ఒక రోజు



“ఆ అడవిలో ఏముందని సార్, ఇంత దూరం వచ్చారు?”

ఈ ప్రశ్న నన్ను అడిగినవారు ఒక లారీ డ్రైవరు. అడిగిన చోటు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తర్. అప్పుడు సమయం సాయంత్రం ఆరు దాటింది. చుట్టూ చీకటి, చలి. నేను వెళ్ళవలసిన ఊరికి బస్సు లేక, దారిన పోయే లారీని చెయ్యెత్తి ఆపి అందులో ఎక్కి కూర్చున్నాను. ఆయన ప్రశ్నకు ఆ రాత్రి నేను చెప్పిన సమాధానం తొందరలో చెప్పినది. కొంత ఆలోచించి, వరుసగా చెప్పవలసిన సమాధానం ఈనాటి ప్రసంగంలో మీకు చెబుతాను.

నేను విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. 2023 జనవరిలో సంక్రాంతి సెలవులు రాగానే వీపుకు ఒక సంచి తగిలించుకుని ఒంటరిగా రైలెక్కాను. కొత్తవలస నుంచి కిరందుల్ దాకా వేసిన రైలు మార్గం మనలో చాలామందికి అరకు దాకానే తెలుసు. నిజానికి ఆ మార్గాన్ని వేసింది బైలడిల కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి. అరకు దాటి, ఒడిశాలోని కోరాపుట్ మీదుగా వెళ్ళి, సాయంత్రానికి జగదల్‌పూర్‌లో దిగాను. బస్తర్ జిల్లా ముఖ్య పట్టణం అదే. మర్నాడు నేను చూడదలచుకున్నది అక్కడికి సుమారు 27 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాంగేర్ లోయ జాతీయ వనం.

ఈ వనం ఎలాంటిది?

1982లో జాతీయ వనంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో ఇది పెద్దది కాదు. ఇదే బస్తర్ ప్రాంతంలోని ఇంద్రావతి పులుల అభయారణ్యం దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది. కాంగేర్ లోయ ప్రత్యేకత మరొకటి. ఉత్తరాది అడవుల ముఖ్య వృక్షమైన సాల, అంటే మన గుగ్గిలం చెట్టు, దక్షిణాది అడవుల ముఖ్య వృక్షమైన టేకు ఇక్కడ కలుస్తాయి. రెండు రకాల అడవులు కలిసేచోట రెండింటి జీవులూ కనిపిస్తాయి. దానికి తోడు ఇక్కడ సున్నపురాయి ఉంది. సున్నపురాయి ఉన్నచోట గుహలుంటాయి. గుహల్లో మరో లోకం ఉంటుంది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో ఈ వనం పేరు చేరడం మీరు పత్రికల్లో చదివే ఉంటారు.

ఉదయం: నేను చేసిన తప్పు

తెల్లవారుజామున సుక్మా వైపు వెళ్ళే బస్సెక్కి వనం ముఖద్వారం దగ్గర దిగాను. టికెట్టు కొనుక్కుని, గుహలకు వెళ్ళే జీపులో ఒక కుటుంబంతో కలిసి వెళ్ళేందుకు మాట్లాడుకున్నాను. జీపు బయలుదేరడానికి ఇంకా సమయం ఉంది. గైడు మాకు ఒక జువ్విచెట్టు చూపించాడు. అతడు ఆ లోయలోనే నివసించే ధుర్వా తెగకు చెందిన యువకుడు.

చెట్టు కొమ్మల్లో నాలుగు పక్షులు పండ్లు తింటున్నాయి. నల్లని, నిగనిగలాడే ఒళ్ళు. నారింజరంగు ముక్కు. పసుపుపచ్చని కాళ్ళు. కంటి కింది నుంచి మెడ వెనక దాకా పసుపుపచ్చని చర్మపు మడతలు. ఎగిరినప్పుడు రెక్కల మీద తెల్లని మచ్చ. అదే బస్తర్ కొండ గోరువంక. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. మన ఇళ్ళ చుట్టూ తిరిగే గోరువంకకు ఇది దగ్గరి చుట్టమే గాని, నేల మీద నడుస్తూ పురుగులు ఏరుకునే అలవాటు దీనికి లేదు. చెట్ల మీదనే బ్రతుకుతుంది. పండ్లు దీని ముఖ్యాహారం. తిన్న పండ్ల గింజలను దూరదూరాలకు చేరవేసి అడవిని నాటేది కూడా ఇదే.

పక్షులు ఆకుల మాటున ఉన్నాయి. నాకు ఇంకా బాగా చూడాలనిపించింది. నా సెల్‌ఫోనులో కొండ గోరువంక కూత రికార్డు ఒకటి ఉంది. దాన్ని గట్టిగా వినిపించాను. వెంటనే ఒక పక్షి కిందికొమ్మకు దిగి, మెడ సాచి, అటూ ఇటూ తిరుగుతూ అరిచింది. నేను సంతోషించాను. గైడు మాత్రం నా ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టాడు.

“ఆపండి సార్. వేరే పక్షి ఏదో తన చెట్టు మీదికి వచ్చిందని అది అనుకుంటోంది. చూడండి, తినడం మానేసింది” అన్నాడు.

అతడు చెప్పింది అక్షరాలా నిజం. పక్షి కూతకు అర్థం ఉంటుంది. లేని ప్రత్యర్థిని వెతుకుతూ పక్షి తన శక్తిని, మేత వేళను పోగొట్టుకుంటుంది. ఒక్క సందర్శకుడు ఒక్కసారి చేస్తే నష్టం కొద్దిపాటిదే కావచ్చు. రోజూ పదిమంది చేస్తే? ఇరవై ఏళ్ళుగా జంతువుల ప్రవర్తన గురించి పాఠాలు చెబుతున్న నేను, పక్షి కనిపించగానే ఆ పాఠం మరచిపోయాను. ఫోను సంచిలో పడేశాను.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. కొండ గోరువంక మనిషి మాటను అచ్చంగా అనుకరిస్తుంది. ఆ విద్యే దానికి ముప్పు తెచ్చింది. ఆశ్చర్యకరమైన సంగతేమిటంటే, అడవిలో ఉన్నప్పుడు అది ఇతర జాతుల పక్షులను అనుకరించదు. తన పొరుగున ఉన్న కొండ గోరువంకల కూతలనే నేర్చుకుంటుంది. అందువల్ల ఒక చోటి పక్షుల కూతలకూ, కొంత దూరాన ఉన్న పక్షుల కూతలకూ తేడా ఉంటుంది. మన భాషలో మాండలికాల వంటివే అవి. పిల్లగా ఉన్నప్పుడే పట్టి పంజరంలో పెడితే దానికి పొరుగు పక్షులు ఉండవు. పొరుగున ఉన్నది మనిషి కనుక మనిషి మాట నేర్చుకుంటుంది. అది మాట్లాడుతోందని మనం మురిసిపోయేది, తన వారిని పోగొట్టుకున్న పక్షిని చూసి!

కాసేపటికి అదే చెట్టు పైన మరో నల్లపిట్ట వాలింది. పసులపోలిగాడు జాతిది. తోక చివర రెండు పొడవాటి తీగలు, తీగల కొసన కుంచెల వంటి ఈకలు. అడవిలో నిజంగా ఇతర పక్షుల గొంతులను అనుకరించేది ఇది. ఇంకా పైన, సాలచెట్టు కొమ్మ మీద తోక వేలాడేసుకుని ఒక బెట్టుడుత కూర్చుని ఉంది. మామూలు ఉడుతను చూసిన కళ్ళకు అది పిల్లి అంత కనిపించింది.

గుహలో: కళ్ళు ఎందుకు పోయాయి?

జీపు కుటుంసర్ గుహ దగ్గర ఆగింది. దీన్ని 1950లలో భౌగోళిక శాస్త్రవేత్త డాక్టర్ శంకర్ తివారీ పరిశోధించి లోకానికి పరిచయం చేశారు. ఇరుకైన ద్వారం గుండా, వంగి, మెట్లు దిగాలి. లోపలి ప్రధాన మార్గం పొడవు 300 మీటర్లకు పైనే.

ఈ గుహలు ఎలా ఏర్పడ్డాయి? వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాతిని వేల సంవత్సరాల పాటు కరిగిస్తూ పోతే లోపల ఖాళీలు ఏర్పడతాయి. పైకప్పు నుంచి కారే చుక్కల్లోని సున్నం తిరిగి పేరుకుంటే, పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ స్తంభాలు పెరుగుతాయి. మన బొర్రా గుహలు చూసినవారికి ఇది తెలిసిన దృశ్యమే. ఒక అంగుళం పెరగడానికి కొన్ని తరాల మనుషుల జీవితకాలం పడుతుంది. చేతితో తాకితే మన చర్మపు జిడ్డు అంటి ఆ పెరుగుదల దెబ్బతింటుంది. గైడు పదేపదే “ముట్టుకోకండి” అనడానికి కారణం ఇదే.

గుహ అడుగున ఒక చిన్న నీటి గుంట ముందు గైడు దీపం తగ్గించాడు. వేలెడంత కూడా లేని, పాలిపోయిన చేపలు కదులుతున్నాయి. వాటి కళ్ళు క్షీణించిపోయాయి. ఇదే జాతి చేపలు బయటి వాగుల్లోనూ ఉన్నాయి. వాటికి కళ్ళు, ఒంటి రంగు మామూలుగా ఉంటాయి. ఒకే జాతి, వెలుగులో ఒక రూపం, చీకటిలో మరో రూపం.

“వాడకపోవడం వల్ల కళ్ళు పోయాయి” అని మీలో కొందరు జవాబు రాస్తారు. అది సరైన వివరణ కాదు. ఒక చేప జీవితకాలంలో కళ్ళు వాడలేదు కనుక దాని పిల్లలు గుడ్డివిగా పుట్టవు. వెలుగులో చూపు సరిగా లేని చేపను శత్రువులు తినేస్తాయి. ఆ లోపం తర్వాతి తరానికి చేరదు. చీకటిలో చూపు ఉన్నా లేకున్నా ఒకటే. కాబట్టి కంటిని దెబ్బతీసే జన్యు మార్పులు తొలగిపోకుండా తరతరాలుగా పోగవుతాయి. పైగా కన్ను చాలా శక్తిని ఖర్చుచేసే అవయవం. ఆహారం తక్కువగా దొరికే గుహలో ఆ ఖర్చు తగ్గడం లాభమే. పరిణామమంటే ఎప్పుడూ ఏదో ఒకటి సంపాదించుకోవడమే కాదు, అనవసరమైనదాన్ని వదులుకోవడం కూడా అని ఈ చేప నేర్పుతుంది.

గుహ గోడ మీద పొడవాటి మీసాలున్న ఒక రకం కీచురాయి ఉంటుంది. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కెంపియోలా శంకరి. ‘శంకరి’ అన్నది శంకర్ తివారీ గారి పేరు మీదుగా వచ్చినదే. మొక్కలు పెరగని ఈ చీకట్లో ఇన్ని జీవులకు తిండి ఎక్కడిది? గబ్బిలాల రెట్ట కొంత. వానాకాలపు వరద తెచ్చిపోసే ఆకులు, పురుగులు మరికొంత. వానాకాలంలో గుహలోకి నీరు చేరుతుంది కనుక ఆ నెలల్లో సందర్శకులను అనుమతించరు. ఆ వరదే గుహ జీవులకు సంవత్సరపు గ్రాసం.

దారి తప్పిన ప్రణాళిక

మధ్యాహ్నానికి జీపు నన్ను తిరిగి ముఖద్వారం దగ్గర దింపింది. అక్కడి నుంచి తీరథ్‌గఢ్ జలపాతానికి బస్సులో వెళదామనుకున్నాను. గంట నిలబడ్డా ఏదీ రాలేదు. అప్పుడు సంత నుంచి తిరిగి వెళ్తున్న ట్రాక్టరు ఒకటి ఆగింది. తొట్టి నిండా బుట్టలు, స్త్రీలు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. ఆ రోజు నా మొదటి లిఫ్టు అది.

పక్కన కూర్చున్న అవ్వ బుట్టలోంచి రేగుపళ్ళు తీసి, లెక్కపెడుతూ నా చేతిలో పెట్టింది. “రండ్, ముండ్, నాలుంగ్...” నేను ఉలిక్కిపడ్డాను. రెండు, మూడు, నాలుగు! ఆమె మాట్లాడేది గోండి. ప్రాంతాన్నిబట్టి ఉచ్చారణ మారినా, గోండి కూడా తెలుగులాగే ద్రావిడ భాష. ఈ లోయవాసుల ధుర్వా భాష కూడా ఆ కుటుంబానిదే. నేను “రెండు, మూడు, నాలుగు” అన్నాను. తొట్టిలోని వారంతా నవ్వారు. విశాఖలో రైలెక్కినప్పుడు పరాయి దేశానికి వెళ్తున్నాననుకున్నాను. అంకెల దగ్గరికి వచ్చేసరికి చుట్టాల ఇంటికి వచ్చినట్లయింది.

తీరథ్‌గఢ్‌లో ముగాబహార్ అనే వాగు సుమారు 300 అడుగుల ఎత్తు నుంచి మెట్లుమెట్లుగా దూకుతుంది. జనవరి కనుక నీరు పలచగా, తెల్లని నూలు పోగుల్లా ఉంది. మెట్లు దిగి, రాతి మీద కూర్చుని, నీటి తుంపరలో ఎగిరే తూనీగలను చూస్తూ కాలం మరచిపోయాను. ఇది నా రెండో తప్పు. పైకి వచ్చేసరికి షేరు ఆటోలన్నీ వెళ్ళిపోయాయి. దుకాణాలు మూసేస్తున్నారు. ఫోనుకు సిగ్నలు లేదు. పెద్ద రోడ్డు కొన్ని కిలోమీటర్ల దూరం, మధ్యలో అడవి. శీతాకాలపు సూర్యుడు చెట్ల వెనక్కి దిగిపోతున్నాడు. ఆ క్షణంలో నాకు నిజంగా భయం వేసింది. ఎలుగుబంట్లు సంధ్యవేళ తిరుగుతాయని తరగతిలో చెప్పేవాణ్ణి నేనే కదా!

గూడు చూపించని యువకుడు

నడక మొదలుపెట్టిన పావుగంటకు వెనక నుంచి మోటారు సైకిలు వచ్చి ఆగింది. నడుపుతున్న యువకుడి భుజాన బైనాక్యులర్స్ ఉన్నాయి. ‘మైనా మిత్ర’ అనే కార్యక్రమంలో అటవీశాఖతో కలిసి పనిచేసే స్థానిక యువకుల్లో అతడొకడు. గోరువంకలు ఎక్కడ తిరుగుతున్నాయో, ఏ చెట్టులో గూడు పెట్టాయో చూసి రాసుకోవడం అతని పని.

దారిలో అతడు తన సంగతి చెప్పాడు. చిన్నప్పుడు అతడూ ఒక పిల్లను చెట్టు తొర్రలోంచి తీసి ఇంట్లో పెంచాడట. ఏడాది బ్రతికి చనిపోయిందట. కొండ గోరువంక తానుగా తొర్ర తొలుచుకోలేదు. వడ్రంగిపిట్టలు తొలిచి వదిలిన తొర్రలు, ముసలి చెట్లలో సహజంగా ఏర్పడిన తొర్రలు దానికి కావాలి. పిల్లల కోసం చెట్టునే నరికేస్తే ఆ సంవత్సరపు పిల్లలే కాదు, రాబోయే సంవత్సరాల గూడు కూడా పోతుంది. పోనీ, పంజరంలోనే సంతతిని పెంచుదామని జగదల్‌పూర్‌లో 1990లలో మొదలుపెట్టిన ప్రయత్నం ఫలించలేదు. ఆడ, మగ పక్షులు చూడటానికి ఒకేలా ఉండటం అక్కడ ఎదురైన పెద్ద చిక్కు. అంటే ఈ పక్షిని కాపాడటానికి మనకున్న నమ్మకమైన మార్గం ఒక్కటే. అది ఉన్న చోట, దాని ముసలి చెట్లతో సహా కాపాడటం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం.

“దగ్గరలో గూడు చెట్టు ఏదైనా ఉంటే చూపిస్తావా తమ్ముడూ?” అని అడిగాను.

అతడు నవ్వి, “లేదు సార్. మా ఊళ్ళో వాళ్ళకు కూడా చెప్పను” అన్నాడు.

ఉదయం నా ఫోను ఆపించిన గైడు, సాయంత్రం గూడు చూపించని ఈ యువకుడు, ఇద్దరూ ఆ పక్షి తరఫున నాకు అడ్డు చెప్పారు. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది. కానీ అతడు చూపించి ఉంటే అతని మీద నాకు గౌరవం తగ్గేది. పెద్ద రోడ్డు మీద దింపినప్పుడు పెట్రోలుకు డబ్బు ఇవ్వబోతే మొహమాటపడుతూ యాభై రూపాయలు తీసుకున్నాడు.

లారీలో గోదావరి

ఆ రోడ్డు కోంటా, చింతూరు మీదుగా భద్రాచలం వెళుతుంది. ఒకటి రెండు బస్సులు ఆగకుండానే పోయాయి. చివరికి మిర్చి టిక్కీల లోడుతో రాయ్‌పూర్ వెళ్తున్న లారీ ఆగింది. నా హిందీ రెండు ముక్కలు వినగానే డ్రైవరు, “మన తెలుగోళ్ళేనా సార్? ఎక్కండి” అన్నారు. ఆయనది భద్రాచలం.

కాసేపటికి ఆయన అడిగిన ప్రశ్నే, నేను మొదట చెప్పినది. “ఇరవై ఏళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నా. రోడ్డు, చెట్లు తప్ప నేనేం చూళ్ళేదు. ఆ అడవిలో ఏముందని సార్, ఇంత దూరం వచ్చారు?”

గోరువంకల గురించి, గుడ్డి చేపల గురించి చెప్పాను. ఆసక్తిగానే విన్నారు. కానీ ఆయన మనసుకు తగిలింది మరొకటి. “ఇక్కడి వాగుల నీళ్ళు ఎటు పోతాయి సార్?” అని అడిగారు. తీరథ్‌గఢ్ నీరు కాంగేర్ నదిలో కలుస్తుంది. కాంగేర్ వెళ్ళి కొలాబ్ నదిలో, అంటే మన శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. బస్తర్ నడుమగా పారే ఇంద్రావతి భద్రాచలానికి చాలా పైనే గోదావరిలో చేరుతుంది. ఇది చెప్పగానే ఆయన లారీ వేగం తగ్గించారు.

“పోయిన జులైలో మా ఇంట్లో నడుములోతు నీళ్ళు సార్” అన్నారు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుంచుకోండి. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంతటి వరద అదే. శబరి పొంగితే కూనవరం దగ్గర గోదావరి నీరు ముందుకు సాగక వెనక్కి తన్నుతుంది. భద్రాచలంలో మట్టం పెరుగుతుంది. అడవి ఉంటే వరదలే రావని నేను ఆయనకు చెప్పలేదు. అంతటి కుండపోతను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. అయితే చెట్ల వేళ్ళు, రాలిన ఆకుల పొర వాన నీటిని కొంత పీల్చుకుంటాయి, పరుగును నిదానింపజేస్తాయి, మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. వేసవిలో వాగు ఎండిపోకుండా చూస్తాయి. ఆ మేరకు బస్తర్‌లోని ఒక సాలచెట్టుకూ, భద్రాచలంలోని ఒక ఇంటికీ సంబంధం ఉంది.

రాత్రి ఏడున్నరకు జగదల్‌పూర్‌లో దింపారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. “మా పాప తొమ్మిదో తరగతి సార్. ఆ గుడ్డి చేప సంగతి ఇంటికెళ్ళాక చెప్తా. మీరు చెప్పినట్టే చెప్పాలి, కళ్ళు ఎందుకు పోయాయో మళ్ళీ ఒక్కసారి చెప్పండి” అన్నారు. రోడ్డు పక్కన లారీ ఆపి మళ్ళీ చెప్పాను. అంత శ్రద్ధగా విన్న విద్యార్థి నాకు అరుదుగా దొరికాడు.

మీకు కొన్ని మాటలు

విద్యార్థులారా, ఈ కథ విని మీరు ఒంటరిగా, లిఫ్టుల మీద ఆధారపడి అడవులకు బయలుదేరవద్దు. నాకు జరిగినది అదృష్టం, పద్ధతి కాదు. సరుకు వాహనాలు, ట్రాక్టరు తొట్లు మనుషుల ప్రయాణానికి ఉద్దేశించినవి కావు. ప్రమాదం జరిగితే మీతోపాటు మీకు సాయపడిన డ్రైవరు కూడా చిక్కుల్లో పడతాడు. నలుగురు కలిసి వెళ్ళండి. వెళ్ళే చోటు, తిరిగి వచ్చే వేళ ఇంట్లో చెప్పండి. చివరి బస్సు ఎప్పుడో ముందే తెలుసుకోండి. స్థానిక గైడును తీసుకోండి, అతడు వద్దన్నది చేయకండి.

ఇక మీకు ఒక చిన్న పని. మీ ఊరి వాగు లేదా కాలువ ఏ నదిలో కలుస్తుందో, ఆ నది ఏ అడవి నుంచి వస్తుందో పటం ముందు పెట్టుకుని గుర్తించండి. ఆ దారిలో ఉన్న ఊళ్ళ పేర్లు వరుసగా రాయండి. ఆ ఊళ్ళలో ఏ భాష మాట్లాడతారో, అక్కడ ఒకటి నుంచి పది దాకా ఎలా లెక్కిస్తారో తెలిసినవారిని అడగండి. అడవిలో ఏముందని ఎవరైనా అడిగితే, చెప్పడానికి మీ దగ్గర కూడా ఒక సమాధానం ఉంటుంది.